ఎవరి లెక్కన ఆలస్యం?

ఈ ఏడాది మా కాలనీ నుంచి నలుగురం డిగ్రీలో చేరాలనుకున్నాం. దరఖాస్తులో మొదటి గడి పేరు, రెండోది పుట్టిన తేదీ. ఆ రెండో గడి దగ్గరే ఆగిపోయాం. ఇద్దరికి ఆధార్‌లో జనవరి 1 ఉంది, ఒకరికి జూలై 1. నాలుగో ఆమెకు బడి కాగితంలో ఒక ఏడు, ఆధార్‌లో ఇంకో ఏడు. బడిలో వేసిన రోజు పంతులు మనిషిని కిందికీ పైకీ చూసి రాసుకున్న తేదీలివి. పెద్ద కరువులో, చెనిక్కాయ పీకే కాలంలో పుట్టిందని ఆమె తల్లి చెప్పేదట. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురంలో పెద్ద కరువంటే ఏ సంవత్సరమైనా కావచ్చు.

"ఈ వయసులో చదువేంది?" అంటున్నారు ఊళ్లోవాళ్లు. ఏ వయసు అని మేం ఎదురడుగుతున్నాం.

మేం ఎరుకలవాళ్లం. ఎరుక అంటే తెలివిడి. మా అవ్వలు బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, వాకిట్లో కూర్చుని ఎరుక చెప్పేవాళ్లు. ఎదుటి ఆడమనిషి ముఖం చూసి ఆమె కష్టం ఎక్కడుందో పట్టుకునేవాళ్లు. ఊరు ఆ మాట నమ్మింది, చేటెడు గింజలు పెట్టింది, గడప మాత్రం దాటనివ్వలేదు. అక్షరం కూడా ఆ గడప లోపలే ఉండిపోయింది.

మా ముత్తాతల కాలంలో మా జాతి పేర్లు ఎక్కిన హాజరు పుస్తకం బడిది కాదు, పోలీసు ఠాణాది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అనంతపురం అప్పుడు అందులోదే. మా జాతిలో పుట్టడమే అనుమానించడానికి చాలింది. ఊరు దాటాలంటే చెప్పాలి, పిలిచిన వేళకు పోయి హాజరు వేయించుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయినా చూపు అంత తొందరగా పోలేదు. బడిలో పలక పోతే మొదట మా సంచే వెతికేవాళ్లు. మాలో ఒకాయన మూడో తరగతిలో బడి మానింది అందుకే.

చదువు లేటుగానైనా అందాలన్న ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. 1982లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఆ తరహావాటిలో మొదటిది. జి. రామ్‌రెడ్డి గారు దానికి మొదటి వైస్ ఛాన్సలర్. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు చేతిలో సర్టిఫికెట్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అది తెరిచింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. అది పెట్టడానికి ఒక ఏడాది ముందే, 1981లో, మన అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది. దాని గేటు ముందు నుంచి బుట్టలమ్ముకుంటూ ఎన్నోసార్లు పోయాం. లోపల ఎవరిని అడగాలో, ఏమని అడగాలో మాకు తెలియలేదు. ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ పాసయ్యాకే ఆ ధైర్యం వచ్చింది.

కాబట్టి ఆలస్యం చేసింది మేం కాదు. ఇంతవరకూ మా నలుగురిదీ ఒకే మాట. చిక్కు తర్వాత వచ్చింది.

మాలో పెద్దామె, మేం అక్కా అని పిలిచే ఆమె, కొడుకు ఇంటర్‌తో ఆపేసి బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. ప్లాస్టిక్ గంపలొచ్చాక ఈత బుట్టలకు బేరం లేదు. ఇల్లు అతను పంపే డబ్బుతోనే గడుస్తోంది. అక్క ఫీజు కూడా అందులోంచే కట్టాలి. "బిడ్డ చదువు ఆగిపోతే తల్లి కాలేజీకి పోతుందా?" అని వాళ్ల అత్త అడిగింది. ఆ ముసలామె మాట మాకు కోపం తెప్పించలేదు, నోరు మూయించింది.

ఎందుకంటే మాకు బాకీ ఉన్నది సర్కారు, ఊరు. ఇప్పుడు ఆ బాకీ తీరుస్తున్నది ఇరవై రెండేళ్ల పిల్లవాడు. చదువు మా హక్కని ఆఫీసులో బల్ల గుద్ది చెప్పొచ్చు. ఆ మాటే సిమెంటు మూటలు మోస్తున్న కొడుకుతో ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

మాలో ఒకాయన దీనికి తేలిక దారి చూపాడు. అక్క చదివితే రేపు మనవళ్లకు చెబుతుంది, కాలనీ అర్జీలు రాస్తుంది, ఆ డబ్బు ఊరికే పోదు అన్నాడు. మిగతా ముగ్గురం ఒప్పుకోలేదు. రిటైరైన ఆఫీసరు సరదాకి ఎమ్మే కడితే, దానివల్ల ఎవరికి లాభమని ఎవరూ అడగరు. మా ఆడమనిషి పుస్తకం తెరవాలంటే మాత్రం ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పాలి. ఇది బుట్టలో ఎన్ని శేర్లు పడతాయో చూసి ధర కట్టినట్టే ఉంది. అక్క చరిత్ర చదవాలనుకుంటోంది, తన తాత ఠాణాలో ఎందుకు హాజరు వేయించుకున్నాడో తెలుసుకోవాలని. దానికి వేరే సాకు అక్కర్లేదు.

కానీ సాకు అక్కర్లేకపోయినా, డబ్బు అతనిది కాకుండా పోదు. అందుకే మేం ఏదీ తేల్చలేదు. తేల్చాల్సింది మేం కాదు కూడా. ఇన్నాళ్లూ మా గురించి మమ్మల్ని అడక్కుండానే ఎవరెవరో తేల్చారు. ఆ పనే ఆ పిల్లవాడికి మేం చేయబోయాం, అతను మొయ్యాల్సిన దాని గురించి అతన్నే అడగలేదు.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. ఫీజు ఎంతో, ఎన్నేళ్లో, ఆఖరున ఉద్యోగం రాదనీ ఉన్నదున్నట్టు చెప్పింది. కొడుకు కాసేపు పలకలేదు. తర్వాత, "నేనూ అడగాలనుకుంటాండా మా, వచ్చే ఏడు నేను చేరితే పని మానుకోవాల్నా?" అన్నాడు. అక్క దగ్గర జవాబు లేదు. ఈ ఏడాది సగం ఫీజు తాను బుట్టలల్లి కడతానంది. మిగతా సగం అతను పంపుతానన్నాడు. వచ్చే ఏడాది ఫీజు ఎవరికి కట్టాలన్నది ఇద్దరూ ఉగాదికి కూర్చుని మాట్లాడుకుంటారు.

తరగతులు ఆదివారాలు. ఆ రోజు పందులను మేపుకొచ్చేదెవరని అత్తను అడిగాం. ఇంకా ఏమీ చెప్పలేదు.