దేవుణ్ణి నమ్మినవాడు మంచు మందం కొలవాలా?



మా హిమాయత్‌నగర్‌లో టీటీడీ బాలాజీ భవన్‌కి వచ్చే పెద్దవాళ్ళ నోట తరచూ వినిపించే మాట ఒకటి ఉంది: "పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇక ఆ స్వామే చూసుకోవాలి." అందులో ఎంతో ప్రేమ ఉంది. కానీ భారం స్వామి మీద వేశాక మన వంతు ఏమైనా మిగులుతుందా? ఈ రోజు దీని గురించే ఆలోచిద్దాం.

2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్‌లో, గడ్డకట్టిన నీటి మీద నడుస్తుండగా మంచు విరిగి మన దేశంవాళ్ళు ముగ్గురు చనిపోయారు. వారిలో తెలుగు దంపతులు ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత మనకు లేదు. వాగు పొంగితే దాటొద్దని మన పెద్దలు చెప్పారు. చెరువు గడ్డకడితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మన హుస్సేన్‌సాగర్ ఎప్పుడూ గడ్డకట్టదు కదా!

మరి తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? మిన్నెసోటాలో చలికాలం వస్తే చెరువు మీదకు వెళ్ళి, మంచుకు రంధ్రం చేసి చేపలు పడతారు. వాళ్ళు గునపంతో పొడిచి చూస్తూ అడుగు వేస్తారు. తేటగా ఉన్న కొత్త మంచు కనీసం 4 అంగుళాలు ఉంటేనే నడవాలని అక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్ల మంచుకి దాని రెట్టింపు మందం కావాలి. అడుగున నీళ్ళు పారే చోట మంచు పలచగా ఉంటుంది కాబట్టి ఒక్కచోట కొలిచి ఊరుకోరు. లైఫ్ జాకెట్ వేసుకుంటారు. పడితే మంచులో గుచ్చి పైకి పాకడానికి మొనదేలిన పిడులు రెండు మెడలో వేసుకుంటారు.

అంటే బాగా తెలిసినవాడే ఎక్కువగా చూసుకుంటున్నాడు. అది పిరికితనం కాదు, అపనమ్మకం అంతకన్నా కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, టెస్ట్ చేయని కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టి దేవుడికి దండం పెట్టడం భక్తి అనిపించుకోదు.

గజేంద్ర మోక్షం గుర్తు చేసుకోండి. మనకు ఆ మొర ఒక్కటే గుర్తుంటుంది. కానీ మొసలితో వెయ్యేళ్ళు పోరాడి, తన బలమంతా అయిపోయాకే ఏనుగు ఆ మొర పెట్టుకుంది. శరణాగతి అంటే ప్రయత్నం మానేయడం కాదు, ప్రయత్నం ఆగిన చోట మొదలయ్యేది.

ఇంకో కష్టమైన ప్రశ్న. కళ్ళముందు మనవాళ్ళు నీళ్ళలో పడితే? మనసు పరుగెత్తమంటుంది. కానీ ఒకర్ని విరిగి ముంచిన మంచు రెండోవాణ్ణి మోయదు. ఒడ్డున ఉండే తాడో కర్రో అందించాలి, 911కి ఫోన్ చేయాలి. పడినవాళ్ళు మొదటి నిమిషం ఊపిరి నిలబెట్టుకోవాలి. చేతులూ కాళ్ళూ మాట వినేది సుమారు 10 నిమిషాలే. వచ్చిన వైపుకే తిరిగి, కాళ్ళతో తన్నుకుంటూ పైకి పాకాలి. లేచి నిలబడకుండా దొర్లుతూ ఒడ్డుకు రావాలి. అక్కడ ఆగడం ప్రేమ లేక కాదండి, ఇంకో ఇంట్లో దీపం ఆరకూడదని.

మంచు ఎవరి భక్తినీ కొలవదు, మనమే దాన్ని కొలవాలి. అనుమానం ఉంటే ఒడ్డునే ఉండిపోవాలి. ఈసారి పిల్లలతో వీడియో కాల్‌లో "జాగ్రత్త" అనేసి ఊరుకోకండి. "4 అంగుళాలు" అని కూడా చెప్పండి.

ఆ స్వామి అందరినీ కాపాడుగాక. శుభం.