సంఘం షాట్

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లోని ఆడవాళ్ళు, ఎక్కువగా దళిత రైతులు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. కెమెరా కోణాలకు పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందనుంచి తలెత్తి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్.

చదువుకున్నవాళ్ళం ఊరికి పనిమీద వెళ్ళినప్పుడు మన చూపు ఏ షాట్? పటేల్ షాట్ తప్పని అందరికీ తెలుసు. రెండోదీ తప్పే అని నాకు ఆలస్యంగా తోచింది. “మీకు తెలియనిదేముందమ్మా, మీరెలా అంటే అలాగే” అని ప్రతిదానికీ తలూపడం గౌరవం కాదు. మనకు తెలిసింది దాచుకుని వాళ్ళను ఒంటరిగా వదిలేయడమే అది. సమంగా నిలబడటమంటే అనుకున్నది చెప్పడం, వాళ్ళు కాదంటే వినడం.

ఉదాహరణకు, పస్తాపూర్ చుట్టుపక్కల నల్లరేగడిలో వానలు వెనక్కి తగ్గాక చలికాలంలో, నీళ్ళు కట్టకుండానే కొన్ని పంటలు పండుతాయి. నేలలో నిలిచిన తేమ వల్ల అంటాడు వ్యవసాయ శాస్త్రవేత్త. ఆడవాళ్ళు వాటిని సత్యం పంటలంటారు. ఆయన ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళని అడుగుతాడు. వాళ్ళ లెక్కలో గింజతోపాటు పశువుకు చొప్ప, వచ్చే ఏటికి విత్తనం, నేల సత్తువ ఉంటాయి. ఇద్దరి లెక్కా సరైనదే, అడిగిన ప్రశ్నలే వేరు. ఎవరి మాటనూ కొట్టేయనక్కర్లేదు. కానీ ఏం విత్తాలో తేల్చాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు, పంట పోతే ఎవరింట్లో పొయ్యి వెలగదో వాళ్ళ మాటే చెల్లాలి. ఇందులో నాకు సందేహం లేదు.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టినవారిలో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. ఆయనకు అన్నం పెట్టిన విద్యే ఆ ఆడవాళ్ళ చేతికి చేరింది. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. అందులో మాట్లాడేది వాళ్ళే. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఊళ్ళలో పనిచేసే డాక్టర్లకు, ఇంజనీర్లకు, అధికారులకు ఒక్క మనవి. మీరు తీసుకెళ్ళే ఫారంలో చివర ఒక గడి ఖాళీగా ఉంచండి. అందులో ఏ ప్రశ్న ఉండాలో వాళ్ళనే చెప్పనివ్వండి.