ఎవరిని అడుగవలెను?

(యోహాను సువార్త 9వ అధ్యాయము)

పుట్టుగ్రుడ్డివానికి చూపు వచ్చిన పిమ్మట, విచారణచేయువారు అతని తలిదండ్రులను పిలిపించి ప్రశ్నించిరి. మా కుమారుడు పెద్దవాడు, తన సంగతి తానే చెప్పగలడని వారు తప్పుకొనిరి. వెలివేతకు భయపడి చెప్పిన మాటయే గాని, మాట మాత్రము సరియైనది. కొన్ని సంవత్సరముల క్రితము, జ్ఞాపకము రావలసిన వేళ ఆ మాట నాకు జ్ఞాపకము రాలేదు.

మా సంఘములో ముప్పదియేండ్లు దాటిన ఒక సహోదరి కలదు. చిన్ననాటనుండి ఆమె బుద్ధి వయస్సుతోపాటు ఎదుగలేదు. తల్లి ప్రభువునందు నిద్రించిన తరువాత ఎకరము మాగాణి ఆమె పేరిట మిగిలెను. అన్న ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయి, బుద్ధిమాంద్యము మధ్యమస్థాయిదని వైద్యుల ధ్రువపత్రము తెచ్చెను. సంరక్షకునిగా నియమింపబడుటకు దరఖాస్తు పెట్టుచు, “చెల్లికి ఏమీ తెలియదని మీరొక ఉత్తరం రాసివ్వండి అయ్యగారూ” అనెను. వ్రాసియిచ్చితిని. ఆమె మా వసారాలోనే కూర్చుండియుండెను. ఆమెను ఒక్క మాటయైనను అడుగలేదు.

ఆ యేడు కోతపండుగనాడు ఆమె చిన్న మూట తెచ్చి బల్లమీద పెట్టెను. దినదినము వంటకు ముందు పిడికెడు చొప్పున తీసియుంచిన బియ్యము. ఎవరికమ్మా అని అడిగితిని. “ప్రభువుకి” అనెను. కొంచెమాగి, “అమ్మ చేలో పండినయ్యి. ఆ చేను ఇప్పుడెవరిది అయ్యగారూ?” అనెను. నాకు నోట మాట రాలేదు.

వైద్యుడు అబద్ధము వ్రాయలేదు. లెక్క, జ్ఞాపకము, తన పనులు తాను చేసికొను నేర్పు పరీక్షించి, చూచినది వ్రాసెను. ఆ చేను కౌలుకియ్యవచ్చునా, ఎవరియొద్ద నుండగోరుచున్నది అను ప్రశ్నలు ఆయనను ఎవరును అడుగలేదు. రూపాయలు లెక్కింపలేనివారు తమ్మును ప్రేమించువారెవరో ఎరుగవచ్చును. సోలతో బియ్యము కొలువవచ్చును గాని, వాటిని ఎవరికియ్యగోరెనో సోల చెప్పదు. ఆమెను ఏండ్ల తరబడి ఎరిగినవాడను నేను. ఆ సంగతి చెప్పవలసిన నేనే వైద్యుని కాగితము చాటున దాగితిని.

చట్టమైనను నాకంటె మేలుగా ఆలోచించినది. 1999 నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము సంరక్షకుని నియమించు జిల్లా కమిటీలో కలెక్టరు హోదాకు తగ్గని అధికారితోపాటు, రిజిస్టరైన సంస్థ ప్రతినిధియు, వైకల్యముగల ఒక వ్యక్తియు ఉందురు. సంరక్షకుడు అవసరమా, ఏ పనులకు అవసరము అని వారు చూడవలెను. నియమింపబడినవాడు 6 నెలలలో ఆస్తి పట్టిక, ఆపైన ఏటేట లెక్కలు అప్పగింపవలెను. 2016 వికలాంగుల హక్కుల చట్టము పరిమిత సంరక్షణనుగూర్చి చెప్పుచున్నది: ఫలాని నిర్ణయమునకు, కొంతకాలము మాత్రమే, ఆమెతో కలిసి, ఆమె యిష్టము ననుసరించి. 2009లో చండీగఢ్ ప్రభుత్వాశ్రమములో చెరుపబడి గర్భవతియైన ఒక బుద్ధిమాంద్యముగల స్త్రీ, బిడ్డను కనగోరెను. ఆమె సమ్మతి లేక గర్భము తీయరాదని సుప్రీం కోర్టు హైకోర్టు ఉత్తరువును నిలిపివేసెను.

అయితే అడుగుట తేలిక పనియని యెవరును తలంపకుడి. అసలే మాటలు లేనివారును, చెప్పినది గ్రహింపలేనివారును మన యిండ్లలో నున్నారు. వారిని సంరక్షకుడు లేకుండ విడుచుట ప్రేమ కాదు. ఒప్పుకొన్నదని చెప్పి వ్రేలిముద్ర వేయించుకొను మోసగాండ్రును కలరు. కాబట్టి ఆమెకు తెలిసిన చోట, భయపెట్టువారు లేనప్పుడు, చిన్న మాటలతో, ఒక దినము కాక మరియొక దినమును అడుగవలెను. ఏ రీతిగా అడిగిన గ్రహించునో వైద్యుడు చెప్పగలడు. ఆయన సాక్ష్యము అందుకే మిక్కిలి అక్కరకు వచ్చునని నాకు తోచుచున్నది.

ఆ వారమే సంఘపెద్దతో వారి యింటికి పోయి, తెలియక వ్రాసితినని అన్నయెదుట ఒప్పుకొంటిని. అతడు చెడ్డవాడు కాడు, చిన్నబుచ్చుకొనెను. అతడు బయటికి పోయిన తరువాత ఆమెను అడిగితిని, మరునాడు మరల అడిగితిని. రెండు దినములును ఒకే మాట: కౌలు అన్న చూచుకొనవచ్చును, చేను అమ్మకూడదు, పంటకొక బస్తా తన చేతికియ్యవలెను. అదే రెండవ ఉత్తరముగా కమిటీకి వ్రాసితిని. జవాబు రాకమునుపే మొదటి బస్తా ఆమె గడపలో దిగినది.