చూసి నేర్చుకునే చదువు

తిరుపతిలో, చిత్తూరు సీమలో చదువుకుంటున్న బిడ్డలారా! 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలోనో మీరున్నారు. కరోనా మహమ్మారి వచ్చిన 2020లో మీలో చాలామంది ఇంకా బడిపిల్లలు. ఆ ఏడూ ఆ మరుసటి ఏడూ మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అందరూ ఉత్తీర్ణులేనన్నారు. మార్కుల లోటు అలా పూడింది. మనుషుల మధ్య మెలగడంలో వచ్చిన లోటును ఏ ప్రభుత్వ ఉత్తర్వూ పూడ్చలేదు.

హాస్టలు గదిలో నలుగురుంటారు, నాలుగు ఫోన్లు వెలుగుతుంటాయి. పక్క మంచం మీదివాడికి జ్వరమొచ్చిన సంగతి వాట్సాప్ స్టేటస్‌లో తెలుస్తుంది. మెస్‌లో పళ్ళెం నింపుకుని గదికి తెచ్చుకుంటారు. తరగతిలో సందేహమున్నా నోరు పెగలదు. మాటపట్టింపు వస్తే ఎదుట నిలబడి తేల్చుకోరు, నంబరు బ్లాక్ చేసి ఊరుకుంటారు. తప్పు మీదని అనను. నలుగురిలో తిరగవలసిన వయసులో గడప దాటనివ్వని కాలం దాపురించింది. అయినా దిద్దుకోవలసినవారు మీరే, మీ బదులు మరొకరు దిద్దలేరు.

గురుకులం విడిచి వెళ్తున్న శిష్యుడికి ఆచార్యుడు చేసిన బోధ తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉంది. సత్యం, ధర్మం, తల్లిదండ్రులు, అతిథి, ఇచ్చేటప్పుడు ఉండవలసిన అణకువ, అన్నీ చెప్పాక ఆయన ఇంకొకటి చెప్తాడు. నడవడిలో సందేహం కలిగితే, అక్కడుండే వివేకులు, మృదుస్వభావులు ఎలా మెలగుతున్నారో చూసి అలా మెలగమంటాడు. మళ్ళీ గ్రంథం తిరగేయమనలేదు, గమనించండి. వేదం ముగించినవాడికే మనుషులను చూసి నేర్చుకొమ్మని చెప్పవలసి వస్తే, రెండేళ్ళు తెర ముందు కూర్చున్నవారికి ఆ అక్కర ఎంతో ఆలోచించండి.

ఇటువంటి కాలాన్ని ఈ సీమ ఇంతకు ముందూ చూసింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటిమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. ఆనాడది చిత్తూరు జిల్లాలోదే. అక్కడి థియొసాఫికల్ కళాశాలలో జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా ఉండగా, గురుశిష్యులు సాయంత్రం పూట పాటల కోసం కూడేవారు. ఆ కూటమిలోనే ఠాగూర్ జనగణమన పాడారు. విన్నవారు మళ్ళీ మళ్ళీ పాడించుకుని, కాసేపటికి తామూ గొంతు కలిపారు. ఆంగ్లానువాదమూ ఆ ఊళ్ళోనే జరిగింది. ఈ కూటమి వ్యాధి వల్ల మొదలైందని నేననను. అంత చావును చూసిన దేశంలో, కొద్ది నెలలకే పిల్లలు ఒకచోట చేరి పాడారన్నదే నాకు ముఖ్యం. ఆ సాయంత్రానికి ఎవరైనా గదిలోనే ఉండిపోయి ఉంటే ఏం పోగొట్టుకున్నారో లెక్కకట్టలేం.

కాబట్టి మెస్‌లోనే కూర్చుని తినండి, తెలియనివారి పక్కన కూర్చోండి. పోట్లాడితే ముఖాముఖి పోట్లాడి, ముఖాముఖే రాజీపడండి. సెలవుల్లో కొండ మీద శ్రీవారి సేవకు పేరిచ్చి, తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న అన్నప్రసాద భవనంలో వడ్డించండి. ఏ ఊరివాళ్ళో, ఏ భాషవాళ్ళో తెలియని ముసలివాళ్ళ ఆకు ముందు వంగి నిలబడితే మీ బెరుకు దానంతటదే వదులుతుంది. అధ్యాపకులకూ ఒక మాట: మాట్లాడని విద్యార్థిని నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరచకండి. తరగతి అయ్యాక ఆగి, ఏ ఊరు నాయనా అని అడగండి, చాలు.

అయితే కొందరిది బెరుకు కాదు, కుంగుబాటు. నిద్ర, ఆకలి పోయి, బతుకు మీద విరక్తితో మాట్లాడే స్నేహితుడి విషయంలో ఇటువంటి హితబోధలతో సరిపెట్టకండి. ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా వదలకండి. వార్డెనుకు చెప్పండి, ఇంటికి కబురు చేయండి, ఆసుపత్రికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళి, అతను వైద్యుడితో మాట్లాడి బయటికొచ్చేదాకా అక్కడి వసారాలోనే కూర్చోండి.