దొరకనిది లేనట్లేనా?

వెతికితే దొరకనిది లేనట్లేనా? ఈ ప్రశ్న తర్కానికి చెందినదిగా కనపడుతుంది గాని, పరిశోధన చేసేవారికి ఇది నీతికి సంబంధించిన ప్రశ్న.

మొన్న ఒక విద్యార్థి తన పరిశోధన ప్రణాళికను నాకు చూపించాడు. 'కన్యాశుల్కం' 1897 నాటి మొదటి కూర్పుకూ, 1909 నాటి రెండవ కూర్పుకూ గల తేడాలు అతని విషయం. "దీనిపై ఇంతవరకు చెప్పుకోదగిన కృషి జరగలేదు" అని రాశాడు. ఎలా తెలిసిందని అడిగితే, గూగుల్ స్కాలర్‌లో ఇంగ్లీషులో వెతికానన్నాడు. బంగోరె ఆ మొదటి కూర్పును 1969లోనే వెలికితీసి అచ్చు వేయించిన సంగతి చెప్పి, లైబ్రరీకి పంపాను.

2004లో మొదలైన ఆ సాధనాన్ని తూలనాడడం నా ఉద్దేశం కాదు. ఒకప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారికే అందిన సమాచారం, ఇవాళ మారుమూల కాలేజీ విద్యార్థి ఎదుట క్షణంలో నిలుస్తోంది. ఇది పురోగమనం కాదనేవాడు ఛాందసుడు. ఐతే, ఆ వరస ఎలా ఏర్పడుతున్నది? వ్యాసం ఎక్కడ అచ్చయింది, ఎవరు రాశారు, ఎందరు ఉదహరించారు అన్న లెక్కలకు అందులో పెద్దపీట. ఎక్కువమంది ఉదహరించింది పైకి వస్తుంది. పైన ఉన్నది గనుక మరికొందరు ఉదహరిస్తారు. ఉన్నవాడికే మరింత చేరడం సంపద విషయంలో మనం ఎరిగినదే. విజ్ఞానశాస్త్ర రంగంలో కీర్తి కూడా అలాగే పోగవుతుందని 1968లో రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు వివరించాడు. మన పాత పత్రికల్లో అచ్చయిన విమర్శలో చాలా భాగం అసలీ లెక్కకే ఎక్కలేదు.

విద్యార్థిని మందలించి ఇంటికి వచ్చాక నా వ్యాసమొకటి తీసి చూసుకున్నాను. అందులో ఉదహరించిన రెండు ఇంగ్లీషు వ్యాసాలకు నేను చదివింది సారాంశాలే. మిగతాది డబ్బు చెల్లించినవారికే. పై వరసలో కనపడ్డాయి గనుక పేర్లు చేర్చాను. అతను తనకు కనపడనిదాన్ని లేదన్నాడు. నేను చదవనిదాన్ని చదివినట్టు చూపించాను. అతనిది తొందరపాటు, నాది అబద్ధం.

ఇందులో యంత్రం తప్పేమున్నది? అది తన దగ్గరున్నదే చూపింది. "దొరకలేదు" అన్నమాటను "లేదు"గా మార్చేది మనమే. కనుక ఎక్కడ, ఏ భాషలో వెతికామో చెప్పి, అక్కడ దొరకలేదని మాత్రమే రాద్దాం. చదివినదాన్నే ఉదహరిద్దాం. మన పత్రికలకు విషయసూచికలు తయారుచేసి, అందరికీ అందేచోట పెట్టే బాధ్యత కూడా అధ్యాపకులదీ విద్యార్థులదీ. ఆ విద్యార్థీ నేనూ మా కాలేజీ లైబ్రరీలోని పాత సంచికలతో ఆ పని మొదలుపెట్టాం.