రొద యెవ్వరిది?

రేడియోలో వార్త సన్నగిల్లినప్పుడు ధ్వనిని హెచ్చించు మీట త్రిప్పుట మానవస్వభావము. అట్లు త్రిప్పినచో వార్తతోపాటు రొదయు హెచ్చును, స్పష్టత పెరుగదు. స్పష్టత వార్తకును రొదకును గల నిష్పత్తిపై ఆధారపడి యుండును.

ఈ రొదలో కొంత మెరుపులనుండియు, మోటారులనుండియు వచ్చును. కొంత రేడియోలోనే పుట్టును. ఎలక్ట్రానులు వేడిమిచే నిరంతరము చలించుటవలన ఇట్టి రొద పుట్టునని 1928లో జాన్సన్, నైక్విస్ట్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. వేడిమి బొత్తిగా లేని యంత్రము లేదు; కావున రొద లేని యంత్రమును లేదు. జీవుని స్థితియు నిట్టిదే. జ్ఞానము ఆత్మకు సహజము. జ్ఞానావరణీయ కర్మము దానిని కప్పియుంచును. కేవలజ్ఞానము కలుగువఱకు ప్రతివాడును తన రొదతోనే వినుచుండును. అట్లయినచో, విన్నదానిలో ఎదుటివానిదెంత, తనదెంత అని తెలియుటెట్లు?

1964లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, హోమ్‌డెల్ వద్ద, పెంజియాస్, విల్సన్ అను శాస్త్రజ్ఞులకు ఈ ప్రశ్నయే ఎదురయ్యెను. కొమ్ము ఆకారముగల వారి పెద్ద ఏంటెన్నాను ఏ దిక్కునకు త్రిప్పినను ఒక సన్నని రొద విడువకుండెను. ద్రవ హీలియముతో చల్లబఱచిన ప్రమాణముతో పోల్చి, యంత్రపు రొదను లెక్కగట్టి తీసివేసిరి. అంగడిలో ఖాళీ డబ్బాకు ధడా కట్టి, పిమ్మట నూనె తూచుటవంటిదే ఈ పని. అప్పటికిని సుమారు 3.5 కెల్విన్ డిగ్రీల రొద మిగిలెను.

ఏంటెన్నాలో పావురముల జంట యొకటి గూడు కట్టుకొని యుండెను. వాటి రెట్టను కడిగిరి. వాటిని పట్టి దూరముగ పంపిరి. అవి తిరిగివచ్చెను. తుదకు కాల్చి చంపిరి. రొద ఆగలేదు. విశ్వము మిక్కిలి వేడిగ నున్న తొలికాలమునుండి మిగిలిన కిరణములే దానికి మూలమని 1965లో శాస్త్రజ్ఞులు వివరించిరి. విశ్వము అనాది యను జైన సిద్ధాంతమునకు దీనితో సమన్వయమెట్లన్నది వేఱు విచారము. ఇచ్చట గమనింపవలసినది, పావురములు నిర్దోషులనుట. 1978లో శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించెను; పావురములకు ప్రాణములు తిరిగి రాలేదు.

ఆ శాస్త్రజ్ఞులు క్రూరులు కారు. తమ యంత్రమును శోధించుటలో వారికంటె శ్రద్ధగలవారు అరుదు. అయినను మిగిలిన సందేహము నోరులేని జీవులపై పడెను. చిట్టాకును ఆవర్జాకును పొత్తు కుదరనినాడు అనుమానము మొట్టమొదట కుఱ్ఱ గుమాస్తాపై పడుటయు ఇట్లే. కూడికలో యజమాని చేసిన పొరపాటు నాలుగు దినముల తర్వాత బయటపడవచ్చును. ఆ లోపల పిల్లవాని పేరు బజారులో చెడిపోవును.

అన్నిటిని సందేహించుచు కూర్చున్నచో వర్తకము సాగునా యని అడుగవచ్చును. సాగదు. కాని రెట్ట కడుగుట వేఱు, ప్రాణము తీయుట వేఱు. లెక్క మరల చూడవచ్చును, తాళముచెవి మార్చవచ్చును, పిల్లవానినే పిలిచి అడుగవచ్చును. సందేహము మిగిలియున్నంతవఱకు, వెనుకకు తీసికొనజాలని పని చేయకుండుటయే అహింస.

ప్రతిక్రమణము దినదినము మనస్సునకు కట్టు ధడా. అది మఱచి తూచినవాడు సంవత్సరాంతమున మిచ్ఛామి దుక్కడం అని చెప్పబోవును. వినుటకు ఎదుటివాడు మిగిలి యుండవలెను గదా!