ప్రాణభయంలో రసమెక్కడిది?

హంతకుడు వెంటపడుతుంటే ఒక మనిషి తప్పించుకొని పారిపోయే కథకు ఏ భాషలోనైనా గిరాకీ ఉంది. తెలుగులో దీనికి మంచి ఉదాహరణ 1991లో రాంగోపాల్ వర్మ తీసిన 'క్షణ క్షణం'. బ్యాంకు దోపిడీ సొమ్ము గొడవలో తెలియకుండా ఇరుక్కున్న అమ్మాయి, ఆమెకు తోడైన ఓ దొంగ, వెనక ఒకపక్క ముఠా, మరోపక్క పోలీసులు. బతుకులో ఎవరూ కోరుకోని ఆ స్థితిని డబ్బిచ్చి మరీ చూడటమెందుకన్నది తత్త్వచింతనలో పాత చిక్కుముడి. విషాద నాటకంలో జాలి, భయం మనసును తేటపరుస్తాయన్నాడు అరిస్టాటిల్. మన ఆలంకారికులు వేరే దారిన వెళ్లారు. ఆ చర్చలో నల్లగొండ గుట్టలకూ వాటా ఉంది.

ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో, సంస్థాన్ నారాయణపూర్ మండలంలో రాచకొండ కోట శిథిలాలున్నాయి. 14వ శతాబ్దం చివరి కాలంలో అక్కడినుంచి ఏలిన రేచర్ల పద్మనాయక రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. నాటకం ఎలా ఉండాలి, రసం ఎలా పుడుతుంది అన్నవే అందులోని విషయాలు. యుద్ధాల నడుమ రాజ్యమేలే మనిషి భయాన్ని రసాల లెక్కలో పెట్టి విచారించడం చిన్న సంగతి కాదు.

అతడు అనుసరించిన సంప్రదాయానికి మూలపురుషుడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. భయం స్థాయీభావమైతే, అంటే మనసులో నిలిచి ఉండే మూలభావమైతే, భయానకం రసమవుతుంది. నటించిన భయం, తప్పు చేసినవాడి భయం, ఆపద చూసి కలిగే భయమని నాట్యశాస్త్రం దాన్ని మూడుగా విడదీసింది. అసలైన భయం స్త్రీలకూ నీచపాత్రలకూ చెందుతుందని కూడా చెప్పింది. ఈ చివరి మాట ఇవాళ ఒప్పుకోదగినది కాదు. అయినా 'క్షణ క్షణం'లో అమ్మాయి వణుకుతుంటే దొంగ నిమ్మళంగా జోకులేయడం చూస్తే, ఆ పాత కొలత సినిమావాళ్లను ఇంకా వదల్లేదనిపిస్తుంది.

అసలు ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాడు కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు. భయానకానికి అతడు తీసుకున్న ఉదాహరణ కాళిదాసు శాకుంతలం మొదట్లోనిదే: దుష్యంతుడి బాణానికి దొరక్కుండా, మెడ తిప్పి వెనక్కి చూస్తూ పరుగెత్తే లేడి. అంటే హంతకుడి నుంచి పారిపోయే కథే. ఆ లేడిని చూసేవాడికి కలిగే భయం 'నేను భయపడ్డాను' అనేది కాదు, 'అది భయపడింది' అనేదీ కాదు. దేశకాలాలు, సొంత లాభనష్టాలు జారిపోయి ఉత్త భయమే మిగులుతుంది. సొంతమైతే మనిషి పారిపోతాడు, పూర్తిగా పరాయిదైతే పట్టించుకోడు. ఈ రెంటికీ మధ్యనుండేదే ఆస్వాదనకు అందుతుంది.

ముగింపు తెలిసినా ఉత్కంఠ తగ్గకపోవడానికి కారణం ఇందులోనే దొరుకుతుంది. పోచంపల్లి, పుట్టపాక వంటి నేత ఊళ్లలోని పద్మశాలీలు తమ మూలపురుషుడిగా చెప్పుకొనే మార్కండేయుడికి ఆయుష్షు పదహారేళ్లే. గడువు తీరిన రోజు యముడు పాశం విసురుతాడు, పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకుంటాడు. పద్మశాలీల కులపురాణం చెప్పే కూనపులివాళ్లు బొమ్మల పటం విప్పి ఈ కథ నడిపిస్తారు. పిల్లవాడు బతుకుతాడని వినేవాళ్లందరికీ తెలుసు. పాశం పడే ఘట్టం వచ్చేసరికి మాత్రం ఊపిరి బిగబడుతుంది. బతకాలనే పట్టు పండితుణ్ణి కూడా వదలదని యోగసూత్రాలు చెప్పే అభినివేశం అక్కడ పనిచేస్తుంది.

యాదగిరిగుట్ట, వాడపల్లి, మట్టపల్లి, కొల్లాపూర్ దగ్గరి సింగోటం: నల్లగొండ, పాలమూరు సీమలో నరసింహుడి క్షేత్రాలు ఎన్నో. ఆ దేవుడి కథ మరో సంగతి బయటపెడుతుంది. తండ్రి ఏనుగులతో తొక్కించినా, విషం పెట్టించినా, కొండమీంచి తోయించినా ప్రహ్లాదుడు పరుగెత్తడు. పారిపోతున్నది హిరణ్యకశిపుడు. పగలు కాదు రాత్రి కాదు, ఇంట కాదు బయట కాదు అంటూ వరాలన్నీ చావునుంచి తప్పించుకోవడానికే కూడబెట్టాడు. ఆ షరతులన్నిటి సందునుంచీ చావు లోపలికొచ్చిన తీరు ఏ థ్రిల్లర్ రచయితకైనా ఈర్ష్య పుట్టిస్తుంది.

ప్రహ్లాదుడి కథ ఉన్న భాగవత సప్తమ స్కంధంలోనే నారదుడు ధర్మరాజుతో ఇంకా సాహసమైన మాట అంటాడు. గోపికలు కామంవల్ల, శిశుపాలాదులు ద్వేషంవల్ల భగవంతుణ్ణి పొందినట్టే కంసుడు భయంవల్ల పొందాడట. భయపడ్డవాడి మనసు భయపెట్టినవాణ్ణి విడిచి ఒక్క క్షణం పక్కకు పోదు. ఎంత జపం చేసినా నిలవని ఏకాగ్రత ప్రాణభయంలో అడక్కుండానే నిలుస్తుంది. పరుగుల కథలోని అసలు ఆకర్షణ ఇదేననిపిస్తుంది: రెండు గంటలపాటు అప్పులూ ఆఫీసూ గుర్తురావు.

అయితే కంసుడి ఏకాగ్రతకు ఎదురుగా కృష్ణుడున్నాడు. థ్రిల్లర్‌లో హంతకుడి ముఖం తేలగానే మనసుకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఆ ప్రేక్షకుడికి వారం తిరక్కముందే ఇంకో సినిమా కావలసి వస్తుంది.